నోరు మూసుకుని పది రోజులు

తెలుగు రచయితలందర్నీ ఏడాదికి రెండుసార్లు, పదేసి రోజుల చొప్పున, ఏదో ఒక మంచుకొండ మీదికి తీసుకెళ్ళి ఒకే భవనంలో పెట్టాలి. మూడు పూటలా తిండి పెట్టాలి. గంటకోసారి కాఫీ పోయాలి. రాసుకోవడానికి మాత్రం ఒక్క నిమిషం కూడా ఇవ్వకూడదు!

శిక్ష అనుకుంటున్నారా? కాదు, మహాభాగ్యం! పోయిన జనవరిలో నేను స్వయంగా అనుభవించి వచ్చి చెబుతున్న మాట ఇది.

ఈ భాగ్యాన్ని అమెరికాలో రెసిడెన్సీ అంటారు. ఈ దేశంలో కథలు రాయడానికి కూడా డిగ్రీ ఉంది. మామూలుగా అయితే రెండేళ్ళు కాలేజీకి వెళ్ళి చదవాలి. ఇల్లూ, ఉద్యోగమూ, పిల్లలూ ఉన్నవాళ్ళ కోసం ఈ మధ్య ఒక సులువు కనిపెట్టారు. చదువంతా పోస్టులోనే. నెలకోసారి మనం రాసింది కవర్లో పెట్టి మాస్టారికి పంపాలి. దాన్ని ప్యాకెట్ అంటారు. ఆయన చదివి, ఎర్ర సిరాతో గీతలు పెట్టి తిప్పి పంపుతాడు. జనవరిలో పది రోజులు, జులైలో పది రోజులు మాత్రం అందరూ కాలేజీకి వచ్చి ఉండి తీరాలి. అదే రెసిడెన్సీ.

నీకు ఈ వయసులో డిగ్రీ ఎందుకమ్మా అంటారా? మేముండే ట్రాయ్ అనే ఊరికి దగ్గర్లో ఒక కాలేజీవాళ్ళు కథలు రాయడం నేర్పడానికి మనిషి కావాలని ప్రకటన వేశారు. వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళుగా వారం వారం సస్పెన్స్ సీరియల్స్ రాస్తున్నాను, పద్నాలుగు నవలలు అచ్చయ్యాయి అన్నాను.

"వెరీ నైస్. డిగ్రీ ఉందా?" అంది కౌంటర్ వెనకున్నావిడ.

ఆ పద్నాలుగు నవలల్లో నేను ముప్ఫయ్యారు మందిని చంపాను. ఏ ఇన్‌స్పెక్టరూ నన్నంత సూటిగా నిలదీయలేదు.

అలా చేరాను. వెర్మాంట్ రాష్ట్రంలో, ఒక కొండ మీద కాలేజీ. పేరు చెప్పను. ఇంకా డిగ్రీ చేతికి రాలేదు.

నా మాస్టారు ప్రొఫెసర్ హాలోవే. చాలా పెద్ద మనిషి. ఇరవయ్యేళ్ళలో మూడు పుస్తకాలు రాశాడు, మూడూ కలిపినా నా ఒక్క నవలంత లావు ఉండవు. నా ప్యాకెట్ ఆయన దగ్గరికి వెళ్తే తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టేది. మొదటి పేజీ మీద కాఫీ కప్పు అడుగు గుండ్రంగా ముద్ర పడి ఉండేది. చివరి పేజీలో ఒకే వాక్యం: "ఇంకొంచెం నిశ్శబ్దం కావాలి."

ఎక్కడ పెట్టను నిశ్శబ్దం? ఆ పేజీలో అప్పుడే రైలు వంతెన పేలింది!

సరే, జనవరి వచ్చింది. రెసిడెన్సీకి బయల్దేరేనాటికి నా నెత్తి మీద ఒక తలుపు ఉంది. ఆ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

అప్పుడు విజయవాడ వారపత్రికలో నడుస్తున్న నా సీరియల్‌లో కథానాయిక శశికళ. విశాఖపట్నంలో ఒక బ్యాంకులో కొత్తగా చేరిన ఆఫీసరు. శనివారం మధ్యాహ్నం రెండింటికి లాకర్ గదికి తాళం వేసి ఇంటికెళ్ళింది. సోమవారం ఉదయం పదింటికి తాళంచెవి పట్టుకుని వచ్చింది. తలుపు మీద చెయ్యి వేసింది. లోపల్నుంచి ఎవరో మూడుసార్లు తట్టారు! "తెరవకు!" అని వెనక నుంచి అరిచాడు బ్యాంకు మేనేజరు.

అక్కడితో ఇరవైమూడో భాగం సమాప్తం. కవరు అంటించి విజయవాడ పంపేశాను.

లోపల ఎవరున్నారో నాకు తెలియదు.

అదేమిటని ఆశ్చర్యపోకండి. సీరియల్ రాసేవాళ్ళ పద్ధతే అది. ఈ వారం తలుపు తట్టిస్తాం, తట్టింది ఎవరో వచ్చే వారం ఆలోచిస్తాం. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఆలోచన టైముకి వస్తూనే ఉంది. మా దెబోరా పుట్టిన వారం కూడా వచ్చింది. అమెరికా విమానం ఎక్కిన వారం, వాళ్ళిచ్చిన నేప్‌కిన్ల మీద వచ్చింది. ఈసారే రాలేదు.

ఎడిటర్ భీమశంకర్ గారు టెలిగ్రామ్ కొట్టారు: "తట్టింది ఎవరు? ఆర్టిస్టు బొమ్మ వేయాలి. ముఖం కావాలి."

నేను లెక్క వేసుకున్నాను. రెసిడెన్సీలో ఆరో రోజు శుక్రవారం. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల కొండ కింద పోస్టాఫీసులో ఇరవైనాలుగో భాగం వేస్తే, పన్నెండు రోజుల్లో విజయవాడ చేరి అచ్చుకి అందుతుంది. తప్పితే? సీరియల్ ఉండాల్సిన పేజీలో ఒక నల్ల గీతల పెట్టె, అందులో రెండు ముక్కలు: "రచయిత్రి అస్వస్థత కారణంగా..." ఆ పెట్టెలోకి వెళ్ళిన వాళ్ళని చాలామందిని చూశాను. ఒకసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళ్తారు. పాఠకులు ఆ వారం పక్క సీరియల్ చదువుతారు, అక్కడే ఉండిపోతారు. పద్దెనిమిదేళ్ళలో నా పేరు ఒక్కసారి కూడా ఆ పెట్టెలో పడలేదు.

అయినా భయపడలేదు. పది రోజులు! కొండ! మంచు! వంట లేదు, పిల్లల లంచ్ బాక్సులు లేవు, లాండ్రీ లేదు. రాయకుండా ఏం చేస్తాను?

ఎంత అమాయకురాలిని!

రెసిడెన్సీ వల్ల రచయితకి జరిగే మొదటి మేలు, రాసే ప్రమాదం పూర్తిగా తప్పిపోవడం. పొద్దున్న ఎనిమిదిన్నరకి లెక్చర్. పదింటికి వర్క్‌షాప్. మధ్యాహ్నం ఇంకో లెక్చర్. తర్వాత చర్చ. తర్వాత ఆ చర్చ మీద చర్చ. భోజనం దగ్గర కూడా పక్కవాళ్ళు "నీ ప్రాసెస్ ఏమిటి?" అని అడుగుతారు. రాయడం గురించి రోజుకి పదకొండు గంటలు మాట్లాడుకున్న మనిషి ఇంకా కలం పట్టుకుంటాడా? తెలుగులో సంవత్సరానికి ఎన్ని నవలలు వస్తున్నాయో మీకు తెలుసు. కాగితం ఎంత ఆదా అవుతుందో ఆలోచించండి!

రెండో మేలు, వినయం. నలభై మూడేళ్ళ మనిషిని పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం చేసిన ఇనప మంచం మీద పడుకోబెడతారు. పక్కకి తిరిగితే మంచం మొత్తం హాస్టల్‌కి ఆ కబురు చెబుతుంది. నా గదిలో నాతో పాటు డోరిస్ అని ఒకావిడ ఉంది. మెయిన్ అనే రాష్ట్రంలో స్కూలు టీచరుగా రిటైరైంది, కవయిత్రి. పోయిన జులై నుంచి ఈ జనవరి దాకా ఒక పద్యం రాసింది. ఐదు పాదాలు.

"ఇప్పుడు అందులో రెండు తీసేద్దామనుకుంటున్నా," అంది మొదటి రోజే.

"నేను వారానికి పన్నెండు పేజీలు రాస్తాను," అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఎవరో పోయినట్టు, "ఓ డియర్!" అంది.

మూడో రోజు మంగళవారం. అప్పటికి ఇరవైనాలుగో భాగంలో నేను రాసింది "ఇరవైనాలుగో భాగం" అన్న రెండు మాటలే. హాల్లో ఉన్న ఫోన్ నుంచి ఇంటికి చేశాను. మా ఆయన జోసఫ్ గారు కార్ల కంపెనీలో ఇంజనీరు. పదకొండేళ్ళుగా కారు తలుపుల తాళాలు డిజైన్ చేస్తున్నారు.

"ఏమండీ, ఎలా ఉన్నారు?"

"ఉన్నాంలే. కుక్కర్ గాస్కెట్ ఎక్కడ పెట్టావు?"

"రెండో సొరుగులో. అది సరే గానీ, లాకర్ గదిలో ఎవరై ఉంటారంటారు?"

"ఎవరైతే ఏం గానీ, ఆ తలుపు ఎంత మందం?"

"ఏమో. జానెడు."

"జానెడు స్టీలు! లోపల్నుంచి వేళ్ళతో తడితే బయటికి ఏం వినపడుతుంది దేవీ? ఇంపాజిబుల్."

"వేళ్ళతో కాదు, సుత్తితో తట్టాడు."

"లాకర్ గదిలో సుత్తి ఎక్కడిది?"

"మీరు ఫోన్ పెట్టేయండి."

"ఆగాగు. ఆదివారం చర్చిలో నీ కోసం ప్రార్థన చేశారు."

"నాకేమైందని?"

"కొండ మీద పది రోజులు అన్నాను. దైవాశీర్వాదం పాస్టరు గారు ఉపవాస ప్రార్థన అనుకున్నారు. మన సహోదరి దేవకుమారి గారు కొండెక్కి ఉపవాసముండి ప్రభువు కోసం కనిపెడుతున్నారు, ఆమెను బలపరచమని ఐదు నిమిషాలు చేశారు."

"మరి మీరు చెప్పలేదా?"

"ఎక్కడ చెప్పను? అందరూ ఆమేన్ అనేశారు. లూసీ వదిన కళ్ళు తుడుచుకుంది కూడా. నువ్వు వచ్చాక కొంచెం చిక్కినట్టు కనపడు."

ఫోన్ పెట్టేసి డైనింగ్ హాల్‌కి వెళ్ళి ఆపిల్ పై అనే తీపి రొట్టె రెండు ముక్కలు తిన్నాను. చిక్కడం నా వల్ల కాదు.

మూడో మేలు అన్నిటికన్నా గొప్పది. దీన్ని మన దేశంలో వెంటనే ప్రవేశపెట్టాలి. వర్క్‌షాప్‌లో రచయిత మాట్లాడకూడదు!

అవును. గుండ్రటి బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుంటారు. అందరూ మీ రచన ముందుగానే చదివి వస్తారు. గంటసేపు మీ ఎదురుగానే దాన్ని కోసి ముక్కలు చేస్తారు. మీరు నోరు మెదపకూడదు. తల ఊపకూడదు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పకూడదు, ఎందుకంటే ఆ ప్రశ్న మిమ్మల్ని అడిగింది కాదు. గంట అయ్యాక "థ్యాంక్యూ" అనొచ్చు. పోయినవాళ్ళు కూడా తమ సంస్మరణ సభలో ఇంతే పద్ధతిగా ఉంటారు.

ఎంత మంచి రూలు! మన దగ్గర పుస్తకావిష్కరణ సభల్లో రచయిత స్పందన ఎంతసేపు ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. చాలు, ఇక నేనేమీ చెప్పక్కర్లేదు.

బుధవారం నా వంతు. ఇరవైమూడో భాగాన్నే ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. పన్నెండు బుర్రలు కదా, లోపల ఎవరున్నారో ఒక్కరైనా ఊహిస్తారని దురాశ. నోట్‌బుక్ తెరిచి, కలం మూత తీసి కూర్చున్నాను.

బోస్టన్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు మొదలుపెట్టాడు. "నాకు ఆ తలుపు, తల్లి అనిపించింది."

"నాకు వలస అనిపించింది," అంది ఒక విడాకుల లాయరు. "దేశం వదిలి వచ్చిన మనిషి తన వెనక వేసుకునే తలుపు."

"తట్టింది శశికళే," అన్నాడు గడ్డమున్న ఒక వడ్రంగి. "ఆమె గొంతే లోపల ఉండిపోయింది."

నేను రాసుకున్నాను: తల్లి. వలస. గొంతు. వీటిలో దేనికి ముఖం గీస్తాడు మా ఆర్టిస్టు?

"ఇందులో ఏదో ఒకటి జరుగుతూనే ఉంది," అంది లాయరమ్మ విచారంగా. "అది కొంచెం తగ్గిస్తే బాగుంటుంది."

అందరూ తలలు ఊపారు. చివరికి హాలోవే గారు కళ్ళజోడు తీసి, కిటికీలోంచి మంచు వైపు చూస్తూ తీర్పు చెప్పాడు.

"ధైర్యమంటే ఇదీ! తలుపు తెరవకుండా వదిలేయడం! ఎవరు తట్టారన్నది ముఖ్యం కాదు."

పాఠకులారా, నా పరిస్థితి ఊహించండి. ఎనిమిది వేల మైళ్ళ అవతల భీమశంకర్ గారు, ఆర్టిస్టు, కంపోజిటర్, ఊరూరా ఏజెంట్లు ఆ ఒక్క ముక్క కోసమే ఎదురుచూస్తున్నారు. అది ముఖ్యం కాదట! నా నాలుక కొస దాకా వచ్చింది. రూలు గుర్తొచ్చింది. నాలుక కొరుక్కుని "థ్యాంక్యూ" అన్నాను.

గురువారం పొద్దున్న బ్రేక్‌ఫాస్ట్ లైనులో నిలబడ్డాను. ఇంకా ఒక్క రోజే ఉంది. పాన్‌కేకులు వడ్డించేది బెవర్లీ. ఆ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా వంటమనిషి. ఆరడుగుల ఆడది, చేతులు కుస్తీ పట్టేవాళ్ళలా ఉంటాయి. ఆవిడ ఎడమ చేతిలో కొన్ని కాగితాలున్నాయి. పై కాగితం మీద కాఫీ కప్పు ముద్ర. గుర్తుపట్టాను. హాలోవే గారి కాపీ. కాఫీ డ్రమ్ము పక్కన వదిలేసి వెళ్ళిపోయాడట.

"ఇది రాసింది నువ్వేనా, హనీ?"

"నేనే."

"అయితే చెప్పు. లోపల ఎవరు?"

ఐదు రోజుల తర్వాత మొదటిసారి ఒక మనిషి నాతో మనిషిలా మాట్లాడింది!

"చెప్పలేను," అన్నాను.

"చెప్పకపోతే పాన్‌కేక్ లేదు."

"నిజంగా, బెవర్లీ. నాకూ తెలియదు."

పాన్‌కేక్ గాల్లో ఆగింది. "తెలియకుండానే తట్టించావా?"

"మా దగ్గర అలాగే రాస్తాం."

ఆవిడ పాన్‌కేక్ నా ప్లేటులో వేసింది. "నేనూ అంతేలే. సోమవారం ఏం మిగిలిందో చూసి మంగళవారం సూప్ ఏమిటో తేల్చుకుంటాను. ఎప్పటికి కావాలి నీకు?"

"రేపు మధ్యాహ్నం పన్నెండుకి పోస్టులో పడాలి. లేకపోతే నా పని అయిపోయినట్టే."

"ఎనిమిదిన్నరకి కిచెన్‌లోకి రా. లెక్చర్ లేదు కదా?"

ఉంది. "కథలో మౌనం పాత్ర" అని ఉంది. ఎగ్గొట్టాను. పద్దెనిమిదేళ్ళ రచనా జీవితంలో నేను చేసిన అత్యంత సాహిత్యపరమైన పని అదే.

బంగాళాదుంపల బస్తా పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. నా చేతికీ ఒక కత్తి ఇచ్చింది. ఆవిడ చెక్కు తీస్తూ పోలీసులా ప్రశ్నలు వేసింది.

"శనివారం రెండింటి నుంచి సోమవారం పదింటి దాకా. నలభై నాలుగు గంటలు. లోపల తిండి ఉందా?"

"లేదు."

"నీళ్ళు?"

"లేవు."

"బాత్రూమ్?"

"బెవర్లీ!"

"ఏం, మీ ఊళ్ళో మనుషులకి అక్కర్లేదా?"

ఆలోచిస్తే, పద్దెనిమిదేళ్ళలో నా సీరియల్స్‌లో ఒక్కరూ బాత్రూమ్‌కి వెళ్ళలేదు.

"తట్టినప్పుడు ఎలా తట్టాడు? నీరసంగానా?"

"లేదు. గట్టిగా, తీరిగ్గా, మూడుసార్లు."

"అయితే వాడు శనివారం నుంచీ లేడు," అంది బెవర్లీ, దుంపని నీళ్ళ గిన్నెలోకి విసురుతూ. "పొద్దున్నే కడుపునిండా తిని వచ్చాడు."

"ఎటు నుంచి వస్తాడు? తలుపుకి తాళం ఉంది కదా!"

"దేంతో తట్టాడు?"

"సుత్తితో. మా ఆయన వేళ్ళతో కుదరదన్నారు."

"తెలివైనవాడే. చేతిలో సుత్తి ఉన్నవాడికి తలుపుతో పనేముంది? గోడ ఉంది కదా."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "మరి గోడలోంచి వచ్చినవాడు గోడలోంచే పోవచ్చుగా? తట్టడం ఎందుకు?"

"పోలేక. వెనక ఎవరో దారి మూసేశారు." బెవర్లీ ఇంకో దుంప తీసుకుంది. "తలుపు తెరవద్దని అరిచింది ఎవరు?"

"మేనేజరు."

"చూశావా! లోపల ఎవరున్నారో వాడికి తెలుసు. బయటపడితే వాడి పరువు పోతుంది. మగాడు ఎవరి గురించి అంత కంగారు పడతాడు? నాకో తమ్ముడున్నాడు. వాడి కోసం మా ఆయన పోలీసు షెరిఫ్‌కి చెప్పిన అబద్ధాలు రాస్తే నీ సీరియల్ రెండేళ్ళు నడుస్తుంది."

"బావమరిది!" అని అరిచాను తెలుగులో.

"అదేమిటో నాకు తెలియదు గానీ, వాడే," అంది బెవర్లీ.

ఆ మధ్యాహ్నం లెక్చరుకీ, చర్చకీ, చర్చ మీద చర్చకీ వెళ్ళలేదు. సూప్ గిన్నెల మధ్య, పిండి అంటిన బల్ల మీద, పన్నెండు పేజీలు రాశాను. అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు. మధ్యలో బెవర్లీ వచ్చి, "బయటికొచ్చాడా?" అని అడిగేది. "ఇంకా లేదు," అంటే, "తొందరగా రానీ, ఓవెన్ దగ్గర పని ఉంది," అనేది.

శుక్రవారం పొద్దున్న మంచు మోకాలి దాకా పడింది. కాలేజీ వ్యాను కదలదన్నారు. పదకొండున్నరకి బెవర్లీ ఏప్రన్ మీదే కోటు తొడుక్కుని తన పికప్ ట్రక్కు తీసింది. ఆ కొండ మలుపుల్లో ఆవిడ డ్రైవింగ్ చూశాక, ఇన్నాళ్ళూ నేను రాసిన కారు ఛేజింగులన్నీ ఎంత పేలవమో తెలిసొచ్చింది. పోస్టాఫీసులో గుమాస్తా తలుపు మీద "క్లోజ్‌డ్" బోర్డు తిప్పబోతున్నాడు.

"ఎర్ల్!" అని కేకేసింది బెవర్లీ. "ఆ బోర్డు ముట్టుకున్నావో, ఇక ఈ జన్మలో నీకు ఆపిల్ పై లేదు!"

పదకొండు యాభై ఎనిమిదికి ముద్ర పడింది. నల్ల గీతల పెట్టె ఇంకోళ్ళ కోసం చూసుకోవాల్సి వచ్చింది.

ఇక రెసిడెన్సీ చివర్లో, సోమవారం సాయంత్రం, విద్యార్థులు తమ రచనలు చదివే సభ. మనిషికి ఎనిమిది నిమిషాలు. టైము అవగానే డోరిస్ చిన్న గంట కొడుతుంది, ఎక్కడున్నా ఆపేయాలి. వంద మంది దాకా ఉన్నారు. కిచెన్ గుమ్మంలో చేతులు కట్టుకుని బెవర్లీ నిలబడింది. నేను ఇరవైనాలుగో భాగం ఇంగ్లీషులో చదివాను.

మేనేజరు వద్దంటున్నా శశికళ తాళం తీసింది. తలుపు తెరుచుకుంది. ఒళ్ళంతా సున్నం కొట్టుకుపోయి, చేతిలో సుత్తితో మేనేజరు బావమరిది బయటపడ్డాడు. "గోడకి కన్నం ఎవరు మూశారు?" అని నిలదీసింది శశికళ. వాడు సుత్తితో తను వచ్చిన చీకటి గది వైపు చూపించాడు. "నేనొక్కణ్ణే కాదమ్మా. లోపల ఇంకొకరున్నారు."

ఠంగ్!

గంట కొట్టిన డోరిసే ముందుగా, "అయ్యో!" అంది.

నేను కాగితాలు మడిచి వచ్చి కూర్చున్నాను. చప్పట్లు కొట్టడం మరిచిపోయారు. వంద మంది ఊపిరి బిగబట్టి నా వైపే చూస్తున్నారు. మా మాస్టారు కోరిన నిశ్శబ్దం ఎట్టకేలకు వచ్చింది! ఆయనే గమనించినట్టు లేడు, కుర్చీ అంచు మీదికి జరిగి ఉన్నాడు.

అయినా ఎవరూ అడగలేదు. పళ్ళ డాక్టరు కాఫీ దగ్గర నా పక్కకి వచ్చి, "చాలా... ఆ చీకటి... చాలా బాగుంది," అని, ఇంకేదో మింగి వెళ్ళిపోయాడు. లాయరమ్మ రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లు మూసుకుంది. గదిలో డోరిస్, "నేను అడగడం లేదనుకో," అని మొదలుపెట్టి, "వద్దులే," అని దుప్పటి కప్పుకుంది.

మంగళవారం పొద్దున్న ఎయిర్‌పోర్ట్ వ్యాను ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. అప్పుడు నా కిటికీ అద్దం మీద ఎవరో తట్టారు. మూడుసార్లు.

ప్రొఫెసర్ హాలోవే. మంచులో, కోటు లేకుండా, ఇంట్లో వేసుకునే చెప్పులతో.

అద్దం రెండు వేళ్ళు కిందికి దించాను.

"దేవా," అన్నాడు, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి. "లోపల ఉన్నది ఎవరు?"

"ప్రొఫెసర్, ఎవరన్నది ముఖ్యం కాదు."

"అది వర్క్‌షాప్‌లో అన్న మాట!"

"పైగా, రచయిత మాట్లాడకూడదు కదా," అని అద్దం ఎత్తేశాను. వ్యాను కదిలింది. మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

కాబట్టి రెసిడెన్సీలు రావాలి, అవి మహాభాగ్యం అన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. మంచం గురించి నాకు ఫిర్యాదు లేదు. చలి గురించి లేదు. నోరు మూసుకోమన్నందుకు అసలే లేదు. నా ఫిర్యాదు ఒక్కటే. వంద మంది చదువుకున్నవాళ్ళు "తర్వాత ఏమైంది?" అని అడగడానికి సిగ్గుపడ్డారు. వాళ్ళకి తెలుసుకోవాలని లేక కాదు. చలిలో చెప్పులేసుకుని పరిగెత్తేంత ఉంది! మూడేళ్ళ పిల్లకి కూడా పుట్టుకతో వచ్చే ఆ ప్రశ్నని మాన్పించడానికి రెండేళ్ళ కోర్సూ, ఒక డిగ్రీనా?

నా పథకంలో అందుకని ఒక చిన్న మార్పు. రచయితల్ని కొండ మీదికి పంపండి. వర్క్‌షాప్ మాత్రం వంటగదిలో పెట్టించండి.

ఇంటికొచ్చాక ఆదివారం చర్చిలో లూసీ వదిన నన్ను ఎగాదిగా చూసి, "పది రోజుల ఉపవాసం తర్వాత కూడా ఎంత కళగా ఉన్నావు వదినా!" అంది. ఆమేన్ అన్నాను.

ఫిబ్రవరిలో హాలోవే గారికి నా ప్యాకెట్ పంపాను, కొత్త భాగం చివర్లో ఇంకో తలుపు తట్టించి. అలవాటు ప్రకారం ఆరు వారాలు మరిచిపోదామనుకున్నాను. ఎనిమిదో రోజున ఎక్స్‌ప్రెస్ మెయిల్‌లో తిరిగొచ్చింది! మొదటి పేజీ మీద కాఫీ ముద్ర లేదు. లోపల ఎర్ర గీతలు లేవు. చివరి పేజీ అడుగున ఒకే మాట, కొంచెం వంకరగా, ఎవరూ చూడకుండా రాసినట్టు ఉంది.

"తర్వాత?"

ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. జోసఫ్ గారు దాని ముందు నిలబడి చదివి, "ఇంతకీ ఎవరు దేవీ?" అన్నారు. దెబోరా కూడా, "యా మమ్మీ, ఎవరు?" అంది. అదే రోజు భీమశంకర్ గారి టెలిగ్రామ్ కూడా వచ్చింది. ఆర్టిస్టుకి మళ్ళీ ముఖం కావాలట.

నాకెలా తెలుస్తుంది? బెవర్లీకి ఉత్తరం రాశాను.